పాలిమర్ ఘన కందెనలు: ఉష్ణోగ్రతతో మారే ఘర్షణ

నూనె, గ్రీజు నిలవని చోట రాపిడిని తగ్గించడానికి వాడే టెఫ్లాన్, నైలాన్, పాలిథిలీన్ వంటి ప్లాస్టిక్కులే పాలిమర్ ఘన కందెనలు. వీటి జారుడుతనం వేడిని బట్టి, వేగాన్ని బట్టి మారుతుంది. విశాఖపట్నంలో ఈ సంగతి మరీ ఆసక్తికరం. టెఫ్లాన్ స్ఫటిక నిర్మాణం 19 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒకసారి, 30 దగ్గర మరోసారి మారి, దాని అణు గొలుసులకు కదలిక పెరుగుతుంది. జనవరి తెల్లవారుజామున ఈ ఊరు మొదటి గీత దగ్గర్లో ఉంటుంది. మే మధ్యాహ్నానికి రెండోదాన్ని దాటేస్తుంది.

టెఫ్లాన్ అనుకోకుండా దొరికింది. 1938 ఏప్రిల్ 6న అమెరికాలో డ్యూపాంట్ రసాయనవేత్త రాయ్ ప్లంకెట్ తెరిచిన సిలిండరులో వాయువు బదులు తెల్లని పొడి కనిపించింది. అది ఎందుకంత నున్నగా జారుతుందో తేలడానికి మరో పాతికేళ్లు పట్టింది. ఈ చరిత్రలో అసలు మలుపు కేంబ్రిడ్జిలో భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ టేబర్ ప్రయోగశాలలో వచ్చిందనాలి. ప్లాస్టిక్కుల ఘర్షణ విషయంలో వేగం పెంచినా, ఉష్ణోగ్రత తగ్గించినా ఇంచుమించు ఒకే ఫలితమని 1963లో మెక్‌లారెన్, టేబర్ చూపారు. మరుసటి ఏడాది రేచెల్ మేకిన్సన్‌తో కలిసి టేబర్ టెఫ్లాన్ గుట్టు విప్పాడు. నెమ్మదిగా కదిలినప్పుడు అది ఎదుటి తలం మీద అతి పలుచని పొర పరిచి, ఆ పొర మీదే తాను జారుతుంది. అప్పుడు ఘర్షణ గుణకం 0.07 దగ్గర ఉంటుంది. వేగం పెరిగినా, చలి ముదిరినా పెళ్లలుగా ఊడుతుంది, గుణకం 0.3 దాకా పోతుంది.

వంతెనలు కట్టేవారికి ఇది నిత్యం పనికొచ్చే లెక్క. ఎండకు సాగే దూలాల కింద టెఫ్లాన్ పలక, స్టెయిన్‌లెస్ స్టీలు రేకు ఒకదానిపై ఒకటి జారతాయి. వంతెన ఉష్ణోగ్రత మైనస్ 5 డిగ్రీల కన్నా దిగని చోట మామూలుగా తీసుకునే ఘర్షణ గుణకంలో మూడింట రెండు వంతులే లెక్కించవచ్చని యూరప్ ప్రమాణం ఈఎన్ 1337-2 చెబుతుంది. విశాఖ అంతటి చలి ఎరుగదు.

వేడి వైపు చిక్కు వేరు. రాపిడిలో పుట్టిన వేడిని ప్లాస్టిక్ బయటికి పంపలేదు. అందుకే 1950లలో బ్రిటన్‌లోని గ్లేసియర్ మెటల్ కంపెనీ, కంచు రంధ్రాల్లో టెఫ్లాన్‌, సీసం నింపి బేరింగులు చేసింది. వేడిని కంచు లాగేసుకుంటుంది. ఖనిజం, బొగ్గు దించే రేవుల్లో తొట్ల లోపల పరిచే పాలిథిలీన్ పలకలు ఎండను తట్టుకుంటాయి గానీ, 130 డిగ్రీలు దాటితే కరుగుతాయి. టెఫ్లాన్ కరిగేది 327 దగ్గర, నమ్మకంగా పనిచేసేది 260 వరకే. 1992లో జాతికి అంకితమైన విశాఖ ఉక్కు కర్మాగారం వంటి చోట, బ్లాస్ట్ ఫర్నేసు నుంచి ఇనుము దాదాపు 1,500 డిగ్రీల వేడితో కారుతుంది. ఆ చుట్టుపక్కల బాగా వేడెక్కే భాగాలకు ప్లాస్టిక్కులు కాదు, గ్రాఫైట్ వంటి ఘన కందెనలే దిక్కు.