గొంతులో గొట్టం, మంచం ఎత్తు
1952లో కోపెన్‌హాగన్‌లో పోలియోతో ఊపిరాడక జనం చనిపోతుంటే, బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టర్ 12 ఏళ్ల పాప గొంతుకి కన్నం చేయించి, గొట్టం వేసి, చేత్తో సంచి నొక్కుతూ గాలి పంపాడు. పాప బతికింది. తర్వాత మెడికల్ విద్యార్థులు, మన వయసోళ్లే, వందల మంది షిఫ్టుల్లో రాత్రీపగలూ సంచులు నొక్కారు. ఐసీయూలకి మొదలు అదే అంటారు.

కానీ గొట్టం ఉన్న మనిషి సరిగా దగ్గలేడు. నోట్లో, కడుపులో ఉన్న నీరు క్రిములతో సహా గొట్టం పక్కనుంచి ఊపిరితిత్తుల్లోకి జారుద్ది. వెంటిలేటర్ న్యుమోనియా అంటే ఇదే. యాంటీబయాటిక్స్ ఇస్తారు, మొండి క్రిములకి అవీ చాలవు. 1999లో బార్సిలోనా డాక్టర్లు 86 మంది మీద చేసిన పరిశోధన బయటికొచ్చింది: వెల్లకిలా పడుకోబెట్టినవాళ్లలో 34 శాతం మందికి న్యుమోనియా అనుమానం, తలవైపు 45 డిగ్రీలు ఎత్తినవాళ్లలో 8 శాతమే. మందు కాదు, మంచం ఎత్తడమే!

మా తాత మంచం చదునుగానే ఉండేది. ఎందుకని అడగాలని నాకప్పుడు తెలీదు.