గుంటచెవి వాగుకప్ప

తూర్పు చైనాలోని అన్హుయ్ రాష్ట్రపు హువాంగ్‌షాన్ పర్వతాలలోనూ, వాటి చుట్టుపక్కల కొండ అడవులలోనూ వేగంగా పారే వాగుల ఒడ్డున జీవించే ఈ చిన్న కప్పను శాస్త్రజ్ఞులు ఓడొరానా టోర్మోటా అంటారు. దీనిని తొలిసారి 1977లో వేరొక ప్రజాతి కింద వర్ణించారు. ఆడకప్ప మగకప్ప కంటే చాలా పెద్దది.

సాధారణంగా కప్పల కర్ణభేరి, అంటే శబ్దానికి కంపించే పలుచని పొర, తలకు ఇరువైపులా చర్మంతో సమంగా పైకే కనిపిస్తుంది. ఈ జాతి మగకప్పలో మాత్రం అది క్షీరదాలలో వలె ఒక గుంట లోపల ఉంటుంది. రాళ్లపై దూకే నీటి హోరులో అధికభాగం తక్కువ పౌనఃపున్యపు, అంటే సెకనుకు తక్కువ కంపనాలు గల, ధ్వనులే కావడంతో, మగకప్ప పిట్ట కూతను తలపించే తన పిలుపును ఆ హోరుకు అందని ఎత్తుకు తీసుకుపోతుంది. మనిషి చెవికి వినిపించే 20,000 హెర్ట్జ్ పరిమితిని దాటిన ఈ అతిధ్వనులను మగకప్పలు పలకడమే కాక విని బదులిస్తాయని ఆల్బర్ట్ ఫెంగ్ బృందం 2006లో నేచర్ పత్రికలో నిరూపించింది. ఉభయచరాల వినికిడి గురించిన పాత అభిప్రాయాలను తిరగరాసిన పరిశోధన ఇది.

కప్పలలో అరుదుగా కనిపించే మరో లక్షణం కూడా దీనికి ఉంది: గుడ్లు పెట్టే ముందు ఆడకప్పే పిలుస్తుంది, ఆ పిలుపు వచ్చిన దిశను మగకప్ప 1 డిగ్రీ లోపు తేడాతో గుర్తించి చీకటిలో అటు దూకుతుంది. బోర్నియో వాగులలోని హుయియా కావిటింపానమ్ అనే కప్ప కూడా అతిధ్వనులతో సంభాషిస్తుందని 2009లో తేలింది.