కాలనౌకకు కట్టిన బాణీ

జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల పల్లెలలో రాత్రివేళ ఒగ్గుకథ విన్నవారికి ఒక అనుభవం తెలిసే ఉంటుంది. ఎదుట రాజూ లేడు, రణరంగమూ లేదు. డోలు మ్రోగుతుంది, తాళాలు కలుస్తాయి. అంతలోనే శ్రోత మనోనేత్రం ముందు సైన్యాలు కదలిపోతాయి. కంటికి కానరానిదానిని చెవి ద్వారా చూపించడం మన జానపద కళాకారులకు తరతరాలుగా వస్తున్న విద్య. రేడియో నాటకానికి ఆధారం కూడా ఆ విద్యయే.

అయితే ఆ రాజును, ఆ యుద్ధాన్ని శ్రోత కథలలోనైనా ఎరుగును. ఎవరూ ఎరుగని లోకానికి, ఇంకా రాని యుగానికి ఏ వాద్యం వాయించాలి? వీణ మీటితే మన ఇల్లు గుర్తుకు వస్తుంది. వయొలిన్ పలికితే కచేరీ గుర్తుకు వస్తుంది. ఈ చిక్కు 1963లో లండనులోని బి.బి.సి. వారికి ఎదురైనది.

కాలంలో వెనుకకూ ముందుకూ సాగిపోయే యంత్రం మన ప్రేక్షకులకు కొత్త కాదు. 1991లో సింగీతం శ్రీనివాసరావుగారి దర్శకత్వంలో, ఇళయరాజా సంగీతంతో వెలువడిన ‘ఆదిత్య 369’ చిత్రం దానిని మనకు పరిచయం చేసినది. అటువంటి కాలయాత్రికుని కథయే ‘డాక్టర్ హూ’ అనే టెలివిజన్ ధారావాహిక. 1963 నవంబరు 23న అది ప్రారంభమైనది. దాని మొదటి కథకు దర్శకుడు మన లక్నోలో జన్మించిన వారిస్ హుసేన్.

ధారావాహికకు ముఖగీతాన్ని ఆస్ట్రేలియా సంగీతకర్త రాన్ గ్రెయినర్ రచించాడు. స్వరాలు ఒక్క కాగితంలో ఇమిడినవి. వాటి సరసన గాలి, మబ్బు వంటి సూచనలు మాత్రమే ఉన్నవి. ఆ కాగితం బి.బి.సి. వారి రేడియోఫోనిక్ వర్క్‌షాపుకు చేరినది. నాటకాలకూ ఇతర కార్యక్రమాలకూ అపూర్వ ధ్వనులను సమకూర్చడానికి 1958లో నెలకొల్పిన శాఖ అది. ఈ పని అక్కడి ఉద్యోగిని డెలియా డెర్బిషైర్ చేతికి వచ్చినది. ఆమె కేంబ్రిడ్జిలో గణితమూ సంగీతమూ చదివినది. అంతకు పూర్వం ఒక గ్రామఫోను రికార్డుల సంస్థ, తమ స్టూడియోలలో స్త్రీలకు ఉద్యోగం ఇవ్వబోమని ఆమెను త్రిప్పి పంపినది.

సింథసైజరు ఇంకా అంగడికి రాని రోజులవి. డెలియా ఒక తీగను మీటి, ఆ శబ్దాన్ని టేపుపై పట్టినది. టేపును రెట్టింపు వేగంతో నడిపితే మధ్య షడ్జం తారాషడ్జం అవుతుంది, నిడివి సగమవుతుంది. ఆ లెక్కతో ఒకే మీటునుండి మంద్రస్వరాలన్నీ పుట్టినవి. పరికరాలను పరీక్షించడానికి ఇంజనీర్లు వాడే ఆసిలేటరు నుండి జారుడు గమకాల పల్లవి వచ్చినది. హోరును వడగట్టగా గాలీ, మబ్బూ వచ్చినవి. సెకనుకు 15 అంగుళాలు నడిచే టేపుపై అరసెకను స్వరమంటే ఏడున్నర అంగుళాల ముక్క. ప్రతి స్వరాన్నీ అలా కొలిచి, కోసి, వరుసగా అతికించారు. సహాయకుడు డిక్ మిల్స్.

అనేక వరుసలను ఒకే టేపుపై పట్టే సౌకర్యం అక్కడ లేదు. ఒక్కొక్క వరుస ఒక్కొక్క యంత్రంపై. అన్నిటినీ ఒక్కసారిగా నడపవలెను. ఎక్కడో ఒక స్వరం తప్పినది. ఏది తప్పో తెలియక, టేపులను పొడవాటి నడవలో ప్రక్కప్రక్కనే పరచి, అతుకులను సరిపోల్చి చూశారు. ఒక అతుకు తన చోటు తప్పి ఉన్నది! వీధి పొడవునా పడుగు చాచి, తెగిన పోగును వెదకి అతికే నేతపని సిరిసిల్లవారికి చెప్పనక్కరలేదు. ఇదీ అటువంటి పనియే.

పూర్తయిన సంగీతాన్ని విని గ్రెయినర్ విస్తుపోయాడు. ఇది నేను వ్రాసినదేనా అని అడిగాడు. చాలవరకు మీదేనని ఆమె బదులు చెప్పినది. రచయితగా ఆమెకూ సమానభాగం ఇవ్వాలని ఆయన కోరాడు. సంస్థలో జీతం తీసుకునే ఉద్యోగికి అది చెల్లదని నిబంధన అడ్డువచ్చినది. తెరపై గ్రెయినర్ పేరూ, వర్క్‌షాపు పేరూ మాత్రమే పడినవి.

ఆ కూర్పు స్వల్పమైన మార్పులతో 1980 వరకు మ్రోగినది. డెలియా 1973లో ఉద్యోగం వదలినది, 2001లో కన్నుమూసినది. తెరపై ఆమె పేరు పడినది 2013లో, ధారావాహిక స్వర్ణోత్సవ సందర్భంలో. అప్పటికి ఆమె గతించి పన్నెండేళ్లు.

సిరిసిల్ల బట్ట కట్టుకున్నవారు దానిని అమ్మిన దుకాణం పేరు చెప్పగలరు. నేసినవాని పేరు చెప్పలేరు. ఒగ్గుకథ విన్నవారు కథకుని తలచుకుంటారు. డోలు వాయించినవానిని మరచిపోతారు. రేడియోలో ప్రతిదినమూ పేర్లు చదివే ఉద్యోగిగా నాకు తోచిన మాట ఒక్కటే. గేయరచయిత, గాయకుడు, స్వరకర్త—ఈ పేర్లు చదవడానికి పట్టేది అరనిమిషం. చేయి తిరిగిన వాద్యకారుని పేరూ, శబ్దాన్ని కూర్చినవారి పేరూ దానికి చేర్చితే మరి పది సెకనులు. ఆ పది సెకనులు వారికి మనం ఇచ్చే బహుమానం కాదు, తీర్చవలసిన బాకీ.