అచ్చులోకి వచ్చిన చేతిరాత
తెలుగు ముద్రణలో చేతిరాత వాలకం గల శీర్షికాక్షరాలు, అనగా అచ్చు అక్షరపు బిగువు వదలి మనిషి చేతి నడకను చూపే పెద్ద అక్షరాలు, ఫాంటుగా కాక చిత్రకారుని పనిగానే మొదట ప్రవేశించాయి. సీసపు అచ్చుల కాలంలో గుణింతాలకూ ఒత్తులకూ వందలకొద్దీ విడి దిమ్మలు కావలసి వచ్చేవి గనుక, కేవలం కథల పేర్ల కోసం మరొక పూర్తి అక్షరమాలను పోత పోయించడం ముద్రాపకులకు మోయలేని ఖర్చు. అందువల్ల చిత్రకారుడు కుంచెతో రాసి ఇచ్చిన పేరును జింకు రేకు మీదికి దించి, ఆమ్లంతో తొలిపించి, ఆ 'బ్లాకు'తోనే అచ్చు వేసేవారు.

యూరప్‌లో చిక్కు వేరు. మార్సెయ్ నగరంలోని ఒలీవ్ పోతశాల కోసం రోజర్ ఎక్స్‌కోఫాన్ తన దస్తూరి ఆధారంగా రూపొందించగా 1953లో వెలువడిన 'మిస్ట్రాల్' అనే అచ్చు అక్షరాల్లో, ప్రతి అక్షరపు తోక తరువాత ఏ అక్షరం వచ్చినా దానితో అతుకు తెలియకుండా కలవాలి. చూపులకు అలవోకగా తోచే ఆ రాత వెనుక ఉన్నది నిజానికి గట్టి లెక్క. తెలుగు అక్షరాలు పక్కకు అలా కలవవు గాని, గుడి పైకీ ఒత్తు కిందికీ పెరుగుతాయి గనుక ఇక్కడి లెక్క నిలువునా సాగుతుంది.

ఈ లెక్కను చేతితోనే తేల్చినవారిలో చిత్రకారుడు బాపు (1933–2014) ప్రముఖుడు. ముళ్లపూడి వెంకటరమణ 'బుడుగు'కు బొమ్మలు వేసిన ఆ చేయే ముఖచిత్రాల మీద పేర్లనూ రాసింది. బొమ్మ గీతలోని పొదుపు అక్షరంలోనూ కనిపించడం వల్ల పాఠకులు సంతకం చూడకుండానే ఆ రాతను పోల్చుకునేవారు. చివరకు అది 'బాపు లిపి' అనిపించుకుని, ఫాంటుగా మారి, పెళ్లి శుభలేఖల దాకా వెళ్లింది. ఒక వ్యక్తి దస్తూరికి లిపి అన్న మాట తగిలించడం శాస్త్రానికి నిలవదు గాని, ఆదరణకు అంతకన్నా రుజువు అక్కరలేదు.

డీటీపీ, అనగా కంప్యూటరు మీద పుట కూర్చే పద్ధతి, వచ్చిన తొలిరోజుల్లో ఒక ఫాంటులో 256 స్థానాలకు మించి ఉండేవి కావు; కాబట్టి తలకట్టులను, కొమ్ములను, ఒత్తులను ముక్కలుగా విడదీసి తెర మీద అతికేవారు, ఆ అతుకుల దగ్గరే చేతిరాత జీవం ముందుగా పోయేది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పు తెలుగు అక్షరాలకు స్థిరమైన సంఖ్యలు ఇచ్చింది; తరువాత ఓపెన్‌టైప్, అనగా ఏ అక్షరం పక్కన ఏ రూపం రావాలో ఫాంటులోనే నియమాలుగా పొందుపరచే ఏర్పాటు, సంయుక్తాక్షరాన్ని ఒకే ఆకారంగా గీసే వీలు కల్పించింది. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే 'లక్కిరెడ్డి' వంటి చేతిరాత ఫాంట్లు ఈ వీలు మీదనే నిలిచాయి.

అయినా 'అమ్మమ్మ' అన్న మాటను చేత్తో రాస్తే రెండు 'మ్మ'లు ఒకేలా రావు, ఫాంటులో అచ్చంగా ఒకేలా వస్తాయి. ప్రత్యామ్నాయ రూపాలు చేర్చి ఈ లోపాన్ని కప్పవచ్చు గాని, రోమన్ లిపిలో కొద్ది డజన్ల బొమ్మలతో తీరే ఆ పని తెలుగులో ప్రతి గుణింతానికీ, ప్రతి ఒత్తుకూ మళ్లీ గీయవలసినంతగా పెరుగుతుంది.