తీరిక యంత్రముల పందెము

ఇరువదవ శతాబ్ది తుదిపాదమున పాశ్చాత్యదేశముల గృహములలో అడుగిడిన కంప్యూటరు, ఆ యింటి వస్తువులన్నిటిలోను మిక్కిలి శక్తిమంతమైనదియు మిక్కిలి సోమరియైనదియు నై యుండెను. యజమానుడు ఉత్తరము టైపు చేయునపుడును, పద్దులు చూచుకొనునపుడును దాని ప్రాసెసరునకు తగిలెడి శ్రమ బహుస్వల్పము. అతడు లేచి భోజనమునకు పోయెనా, తెరమీద రంగుల బొమ్మలను కదలించుచుండుట తక్క దానికి వేఱు పనియే లేదు. ఇట్లు వ్యర్థమగుచున్న శక్తిని ఇంటర్నెట్టు ద్వారా ఒక్కచో కూర్చగలిగినచో, ప్రభుత్వములు అపారధనము వెచ్చించి కట్టించు సూపర్ కంప్యూటర్లకు దీటైన గణనసామగ్రి విజ్ఞానశాస్త్రమునకు ఉచితముగనే లభింపగలదు గదా యను ఆలోచననుండి స్వచ్ఛంద గణనమను ఆచారము పుట్టినది. మిగులును దానము చేయుటగా మొదలైన యీ ఆచారము, జట్లు ఏర్పడి వాని నడుమ పందెములు నడచిన పిదప, మూలధనమునే వెచ్చించు దీక్షగా మాఱెను. ఆ మార్పు సౌరశక్తి పరిశోధనయందు కనబడినంత స్పష్టముగ మఱియెచటను కనబడదేమో.

ఈ మార్గమున మొదట నడచినవారు గణితాసక్తులు. 1996 లో జార్జి వోల్ట్‌మన్ అను అమెరికను ప్రోగ్రామరు మెర్సెన్ ప్రధానసంఖ్యలను వెదకుటకు ఒక సాఫ్ట్‌వేరు రచించి, కోరినవారికెల్ల ఉచితముగ పంచి, తలకు కొన్ని సంఖ్యలను పరీక్షకై అప్పగించెను. మఱుసటియేడు డిస్ట్రిబ్యూటెడ్ డాట్ నెట్ అను సంఘమువారు ఆర్‌సీ5 అను రహస్యలిపి యొక్క 56 బిట్ల తాళపుచెవిని వేలకొలది కంప్యూటర్లచేత వెదకించి, 250 దినముల ప్రయాసానంతరము సాధించిరి. అయినను సామాన్యజనుల వాకిళ్ళకు ఈ ఆచారమును తెచ్చిన కీర్తి సెటీ ఎట్ హోమ్ అను ప్రయత్నమునకే దక్కవలెను. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ పండితులు 1999 మే 17వ తేదీన దానిని లోకమునకు విడుదల చేసిరి. ప్యూర్టో రికోలోని అరెసిబో రేడియో దూరదర్శిని గ్రహించిన ఆకాశధ్వనిని 107 సెకండ్ల తునుకలుగ కోసి ఇండ్లకు పంపుటయు, అందు లోకాంతరవాసుల సంకేతమేమైన గలదేమో యని గృహస్థుల యంత్రములు వెదకి ఫలితమును తిరుగ పంపుటయు దాని పద్ధతి. ఏండ్లు గడచుకొలది 50 లక్షలకు మించిన జనులు ఇందు పాల్గొనిరి. మన పల్లెలలో నాట్లవేళ ఒకరి పొలమునకు మఱియొకరు బదులుకు పోవుట కలదు. కాని అచట చేసిన సాయము వారము తిరుగకముందే తన పొలమునకు తిరిగి వచ్చును. ఈ గణనదాతకు తిరిగి వచ్చునది ఏదియు లేదు. ఫలితము వచ్చునో రాదో, వచ్చినను తాను జీవించి యుండగా వచ్చునో రాదో యెవ్వరును చెప్పజాలరు.

అట్టి నిష్ఫలమైన దానమునందు మనుష్యుని నెలల తరబడి నిలిపినది లెక్క. ఎవరెన్ని తునుకలు పూర్తిచేసిరో సర్వరు ఎంచి ప్రకటించెడిది. ఆ పట్టికలో తన పేరు ఎచట నున్నదో చూచుకొనుట ఉదయమున పత్రిక చదువుట వంటి అలవాటుగ చాలమందికి ఏర్పడెను. ఒంటరిగ నున్నవారు తమ దేశము పేర, తమ కళాశాల పేర, తాము పనిచేయు సంస్థ పేర జట్లు కట్టిరి. సెటీ జర్మనీ, ఫ్రెంచివారి లాలియాన్స్ ఫ్రాంకోఫోన్, చెక్ జాతీయజట్టు మొదలైనవి ఇట్లు పుట్టి పేరొందినవి. లెక్క పుట్టిన వెంటనే దొంగలెక్కయు పుట్టెను. కొందఱు సాఫ్ట్‌వేరును మార్చి, పని చేయకయే చేసినట్లు ఫలితములు పంపసాగిరి. నిర్వాహకులు దీనికి కనుగొనిన విరుగుడు సరళమైనది: ఒకే తునుకను ఒకరినొకరు ఎఱుగని యిద్దఱికి పంపి, ఇరువురి సమాధానములు సరిపోలినపుడే ఇరువురకును గణ్యత నిచ్చుట. ఆ రెండవ వానిని ఈ వర్గమువారు వింగ్‌మన్ అందురు. తన వింగ్‌మన్ ఇంకను ఫలితము పంపలేదని, తన పాయింట్లు నిలిచిపోయినవని విసుగుకొననివాడు వీరిలో అరుదు. పందెముకొఱకు ఏర్పడిన యీ ఏర్పాటే విజ్ఞానమునకు నమ్మదగిన ఫలితములను గూడ సమకూర్చినది.

డేవిడ్ ఆండర్సన్ నాయకత్వమున బర్క్‌లీలోనే 2002 లో బోయింక్ అను సామాన్యవేదిక నిర్మాణము మొదలయ్యెను. ఒక్క సాఫ్ట్‌వేరును స్థాపించుకొనినవాడు తనకు నచ్చిన పరిశోధనలకెల్ల తన యంత్రమును పంచియీయ గల వీలు దానివలన కలిగినది. పూర్వమొక్కొక్క పరిశోధనకు ఒక్కొక్క రీతిగ నున్న లెక్కలకు ఇచట ఒకే కొలత ఏర్పడెను. సెటీలో పనిచేసిన జెఫ్ కాబ్ పేరున దానిని కాబుల్‌స్టోన్ అనిరి. 2004 నవంబరు 16వ తేదీన ఐబీఎం సంస్థ వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్‌ను నెలకొల్పి, లోకోపకారకములైన పరిశోధనలకు మాత్రమే ఆ శక్తిని కేటాయింపవలెననియు, ఫలితములు ప్రజల సొత్తుగ వెల్లడింపబడవలెననియు నియమము చేసెను. ఈ రెండవ నియమము ఆనాడు ఎవ్వరిని అంతగ ఆకర్షింపలేదు గాని, తుదకు మన కథకు అదియే ఊతమైనది.

ఇక సౌరశక్తి సంగతి. 1954 ఏప్రిలులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు ప్రకటించిన సిలికాన్ సౌరఘటము ఎండలో సుమారు 6 శాతమును విద్యుత్తుగ మార్చెను. సిలికాన్ కరగుటకు 1414 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి కావలెను. దానిని శుద్ధిచేసి స్ఫటికముగ పెంచి పలకలుగ కోయుట బహువ్యయమగు పని. కర్బనసంయుక్తములతోనే, అనగా ప్లాస్టిక్కు జాతి పదార్థములతోనే, సిరావలె పూయదగిన సౌరఘటములను చేయరాదా యను ఆశ, 1977 లో హీగర్, మాక్‌డయార్మిడ్, షిరకావా యనువారు విద్యుద్వాహకములగు పాలిమర్లను వెల్లడించిన పిదప బలపడెను. 1986 లో కొడాక్ సంస్థలో పనిచేయుచున్న చింగ్ టాంగ్ రెండు కర్బనపు పొరలతో ఒక శాతము సామర్థ్యము గల ఘటమును చేసి చూపెను. ఇరువదియేండ్లు గడచునప్పటికి అది 5 శాతము దాపునకు వచ్చినది గాని, 10 శాతము దాటనిదే విపణిలో నిలువజాలదని తజ్ఞులు తలచుచుండిరి. చిక్కు ఎచటనన, కర్బనము సృజింపగల అణువులకు అంతులేదు. ప్రయోగశాలలో ఒక్క అణువును సంయోజించి, శుద్ధిచేసి, పొరగ పూసి పరీక్షించుటకు నెలలు పట్టును.

హార్వర్డు విశ్వవిద్యాలయమున రసాయనాచార్యుడుగ నుండిన ఆలాన్ ఆస్పురూ-గుజిక్ బృందము ఈ చిక్కును గణనముచే విడదీయ సంకల్పించి, 2008 డిసెంబరులో వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్‌పై క్లీన్ ఎనర్జీ ప్రాజెక్టును ఆరంభించెను. మొదటి దశయందు అణువులు ఒకదానిప్రక్క నొకటి ఎట్లు సర్దుకొనునో చూచిరి. 2010 జూనులో ఆరంభమైన రెండవదశయందు క్వాంటం రసాయనమే ప్రధానమయ్యెను. థయోఫీన్ మున్నగు వలయములు 26 ఎంచుకొని, వానిని పూసలవలె కలిపియు కరగించి అతికినట్లు ఏకముచేసియు లక్షల అణువులను కాగితము మీదనే సృష్టించి, ఒక్కొక్కదానిని గృహస్థుల కంప్యూటర్లకు పంపిరి. అచట క్యూ-కెమ్ అను సాఫ్ట్‌వేరు ఆ అణువునందు ఎలక్ట్రానులు నిండియున్న అత్యున్నతస్థాయికిని, ఖాళీగనున్న కనిష్ఠస్థాయికిని నడుమగల అంతరమును లెక్కగట్టును. ఆ అంతరము మిక్కుటమైనచో ఎండలో కొద్దిభాగము మాత్రమే గ్రహింపబడును. మఱీ తక్కువైనచో పుట్టెడి వోల్టేజి క్షీణించును. ఈ రెంటి నడుమ నున్న సన్నని దారిలో ఇమిడెడి అణువు ఏదియో తెలిసికొనుటకు 2006 లో షార్బరు, అతని సహచరులు ప్రకటించిన సూత్రము తోడ్పడెను. ఎలక్ట్రానులను పుచ్చుకొను ఫుల్లరీను జాతి గ్రాహకముతో జతకూడినపుడు, వానిని ఇచ్చునట్టి ఒక దాతయణువు ఎంతశాతము సామర్థ్యమును పొందగలదో ఆ సూత్రము అంచనా వేయును.

క్వాంటం గణనము గృహయంత్రమునకు తేలిక పని కాదు. ఇతర పరిశోధనల తునుకలతో పోల్చినచో దీని తునుకలు డిస్కుమీద విపరీతముగ వ్రాయును. ముగిసిన పిదప తిరిగి పంపవలసిన ఫలితము పెద్దది. నడుమ కంప్యూటరు ఆపినచో అప్పటి గణనభాగము చాలవఱకు వృథాపోయి మొదటికి వచ్చును. అందువలన నిర్వాహకులు దీనిని ఎల్లరకును పంపక, కావలెనని ప్రత్యేకముగ గుర్తుపెట్టినవారికి మాత్రమే పంపిరి. తీరిక వేళ తనంతట నడచిపోవు స్క్రీన్ సేవరు దానము ఇచట సాగదు. దాత తెలిసి, సిద్ధపడి, సెట్టింగులు మార్చుకొని, యంత్రమును రాత్రింబవళ్ళు ఆపకుండ ఉంచవలెను. ఇట్టి బరువుపనికి జనులను కూర్చుటయందే జట్ల పందెములు అక్కఱకు వచ్చినవి.

పందెము నడచెడి తీరు ఇది. ఒక జట్టు నాయకుడు పరిశోధనను, ఆరంభాంతదినములను, కొలతను నిర్ణయించి ఇతరజట్లను ఆహ్వానించును. కొలతను ఎన్నుకొనుటయందే నేర్పు గలదు. పాయింట్లు కొలతయైనచో క్రొత్త వేగవంతమగు ప్రాసెసర్లు గలవారిదే విజయము. నడచిన కాలమే కొలతయైనచో అటకమీది పాతయంత్రము గూడ గంటకు గంటగ లెక్కకు వచ్చును. ఆ కాలమును వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్ సంవత్సరములు, దినములు, గంటలు, నిమిషములు, సెకండ్లుగ వ్రాసి చూపెడిది. ఒక్క వారములో వేయి కోర్లు గల జట్టు పందొమ్మిది సంవత్సరములకు పైబడిన కాలమును దానము చేసినట్లు ఆ పట్టికలో కనబడును. ఒక పరిశోధనకు 14 దినముల కాలమిచ్చినవానికి కంచుపతకము, 45 దినములకు వెండి, 90 దినములకు బంగారము, ఆపై మణుల పేర్లు గల పతకములు లభించెడివి. ఇవన్నియు తెరమీది బొమ్మలే గాని, వానికై పాటుపడినవారి పట్టుదల బొమ్మ కాదు.

ఈ పందెములయందు యుద్ధతంత్రమును లేకపోలేదు. ఆరంభమునకు కొన్నిదినముల ముందే తునుకలను దింపుకొని, గణనము ముగించి, ఫలితములను పంపక తన యంత్రమునందే దాచి, అదను చూచి గుప్పున విడుచుట ఒక పద్ధతి. దానిని బంకరింగ్ అందురు. మొదటి గంటలలో వెనుకబడినట్లు కనబడిన జట్టు తుదిదినమున ఒక్కసారిగ మీదికి లేచుట దీనిఫలమే. గడువు మీఱకుండ దాచుట, ఎదిరికి తెలియకుండ దాచుట, సర్వరు ఇఱుకున పడకముందే విడుచుట అను మూడును తెలిసినవాడే మేటి. 2010 నుండి సెటీ జర్మనీవారు ఏటేట నడపుచు వచ్చిన బోయింక్ పెంటథ్లాన్‌లో, అనగా అయిదు పరిశోధనలపై అయిదు పోటీలుగ సాగి, అందొకటి 14 దినముల మారథానుగ నుండు ఆ క్రీడలో, ఈ తంత్రము శాస్త్రమంతగ పెరిగెను.

మిగులు మూలధనముగ మాఱినది ఇచటనే. పందెము కొఱకు క్రొత్త ప్రాసెసర్లు కొనినవారు గలరు. గదిలో నాలుగైదు యంత్రములను వరుసగ పేర్చి, శీతకాలమున వాని వేడిమినే చలికాపుగ వాడుకొనినవారు గలరు. సౌరవిద్యుత్తును వెదకుటకు బొగ్గువిద్యుత్తును వ్యయపఱచుట తగునా యను ఆక్షేపణ అప్పుడే వినవచ్చెను. అది త్రోసిపుచ్చదగినది కాదు. 2010 నాటి ప్రాసెసర్లు పనిలేనపుడు నిద్రించి విద్యుత్తును పొదుపు చేయుట నేర్చినవి గనుక, రేయింబవళ్ళు వానిని మేల్కొలిపి యుంచుట నిజముగ ఖర్చే. వ్యర్థమగుచున్నదానిని వినియోగించుట యను తొలినాటి సమర్థన ఇక చెల్లదు. దాత తన బిల్లును తానే కట్టుచు, ఆ వ్యయమునకు తగిన ప్రయోజనము గలదని నమ్మి చేసినపుడే అది దానమగును. పందెము ఆ నమ్మకమును పుట్టింపలేదు గాని, నీరసింపకుండ నిలిపినది.

2013 జూనులో హార్వర్డువారు 23 లక్షల అణువుల వివరములను అందఱకును తెఱచియుంచిరి. వానిలో 35 వేలకు సమీపమైనవి 10 శాతము, సుమారు వేయి 11 శాతము లేక అంతకుమించి సామర్థ్యము పొందగలవని అంచనా. కాని చరిత్ర అటుపిమ్మట ఆ దారిని నడువలేదు. సిలికాన్ పలకల వెల ఆ దశాబ్దమున అనూహ్యముగ పడిపోయెను. కర్బనఘటముల రంగమున గూడ విప్లవము దాతయణువుల వలన గాక, ఫుల్లరీనును త్రోసిరాజన్న క్రొత్త గ్రాహకముల వలన వచ్చెను; 2015 లో ఐటీఐసీ, 2019 లో వై6 అను చైనాదేశపు అణువులు సామర్థ్యమును 15 శాతము దాటించినవి. ఫుల్లరీను జత ఉండునను భావనమీద కట్టిన 23 లక్షల అంచనాల పునాదియే అట్లు కదలినది. ఆస్పురూ-గుజిక్ బృందమే 2017 లో 51 వేలకు పైబడిన ఫుల్లరీనేతర గ్రాహకములను గణించి ప్రకటించుట ఆ మార్పును వారును గుర్తించిరనుటకు సాక్ష్యము.

అయినను ఆ పట్టిక పనికిరానిది కాలేదు. కృత్రిమమేధకు రసాయనము నేర్పదలచినవారికి ఒకే పద్ధతిలో లెక్కింపబడిన లక్షల అణువుల వివరములు కావలసివచ్చెను. అట్టివి ఉచితముగ దొరకిన చోటులలో ఇది యొకటి. అణువు నిర్మాణమును చూచి గుణమును ఊహించుట యంత్రమునకు నేర్పిన 2015 నాటి ప్రసిద్ధ పరిశోధనలలో నొకటి హార్వర్డు సౌరాణువులనే పరీక్షగ గైకొనెను. నెలల గణనమును లిప్తలో ఊహించు విద్య, ఆ నెలల గణనమును ఎవరో ముందుగ చేసి యుంచినందుననే సాధ్యమైనది. ఫలితములు ప్రజల సొత్తు కావలెనని 2004 లో చేసిన నియమము ఇచట ఫలించెను.

కావున ఈ యుద్యమము రెండు పద్దులను మిగిల్చినది. ఒకటి జట్ల పద్దు: అందు ప్రతి దాతకు పేరును, పతకమును, సెకండ్లతో సహా కాలమును గలవు, దానిని వారు తప్ప ఎవ్వరు చదువరు. రెండవది అణువుల పద్దు: అందు పేర్లు లేవు, జట్లు లేవు, గెలుపోటములు లేవు, దానిని శాస్త్రజ్ఞులు వాడుచున్నారు. మొదటి పద్దును బాలిశమని నవ్వువారు రెండవదానిని ఎవరు వ్రాసిరో విచారింపవలెను. సంవత్సరములకొలది సాగు, ఫలము కనబడని, ధనము తిరిగి రాని పనికి లక్షలమందిని కట్టియుంచుటకు ఆదర్శమొక్కటే చాలదు. దినమునకొక అంకెయైన కావలెను. రేపటి ప్రజావిజ్ఞానమును సంకల్పించువారు ఆ అంకెను అలంకారముగ కాక, ఉపకరణములలో నొకటిగ లెక్కించుకొనుట మంచిది.