ప్రాథమిక తరగతుల్లో అనుబంధాలు, ఆరోగ్యం, క్షేమం: దిండి–రాజోలు ప్రాంతం

ఇంటివారితో, తోటివారితో మెలిగే తీరు, ఒంటి శుభ్రత, తిండి, భయాన్నీ కోపాన్నీ మాటల్లో చెప్పుకోవడం, అపాయం తప్పించుకోవడం అనుబంధాలు, ఆరోగ్యం, క్షేమాల బోధనలోకి వస్తాయి. మన బడుల్లో ఇది ఒకే సబ్జెక్టుగా కాక పలుచోట్ల చెదిరి ఉంది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ప్రకారం మొదటి రెండు తరగతుల్లో భాష, గణితాలతో కలిసిపోయే పరిసరాల విజ్ఞానం, మూడు నుంచి ఐదు వరకు విడిగా ఉంటుంది. అందులో తొలి అంశం కుటుంబం, స్నేహితులు.

మలికిపురం మండలంలో వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న దిండి పరిసరాల్లో కుటుంబ పాఠాన్ని పుస్తకంలో ఉన్నట్టే చెబితే చాలదు. రాజోలు ప్రాంతం నుంచి ఆడవాళ్లు ఇంటిపనికి కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్లడం దశాబ్దాలుగా ఉన్నదే. 1970ల చమురు ధరల పెరుగుదల తర్వాత ఈ వలస మొదలైందని సాధారణంగా చెబుతారు. అలాంటి ఇళ్లలో పిల్లలను సాకేది అమ్మమ్మో, నాయనమ్మో, పిన్నో. అమ్మానాన్నా పిల్లలూ కలిసి ఉన్న బొమ్మనే కుటుంబంగా చూపితే ఈ పిల్లలు తమ ఇంట్లో ఏదో లోటుందని అనుకోవచ్చు. నిన్ను బడికి తయారుచేసేదెవరు, జ్వరమొస్తే పక్కన కూర్చునేదెవరు అని అడిగితే ఏ పిల్లకైనా జవాబుంటుంది. క్షేమం సంగతీ అంతే. 1996 నవంబరు తుపాను, 2022 జులై వరద చూసిన సీమలో కాలువ రేవు దగ్గర జాగ్రత్త, వరద తర్వాత నీళ్లు కాచి తాగడం, మనసులో మిగిలిన భయం ఒకే పాఠంలో భాగాలు కావాలి.

తిండి పాఠానికి దగ్గరి ఆధారం మధ్యాహ్న భోజనం. 2024లో ఆ పథకానికి డొక్కా సీతమ్మ (1841–1909) పేరు పెట్టారు. ఆమె అన్నదానం చేసిన లంకల గన్నవరం రాజోలు ఉన్న జిల్లాలోనిదే. ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి ఆమెకు ఆహ్వానం వచ్చిందన్న కథనం బాగా ప్రచారంలో ఉంది. దానికన్నా కులమతాలు చూడకుండా ఆకలిగొన్నవారికి పెట్టిందన్న సంగతే పిల్లలకు పనికొస్తుంది. కలిసి కూర్చుని తినే ఆ పూట పోషణకూ అనుబంధానికీ ఒకేసారి పాఠమవుతుంది.

2020 ఫిబ్రవరిలో ఆయుష్మాన్ భారత్ కింద మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో పదకొండు అంశాలున్నాయి. మానసిక క్షేమం, వ్యక్తుల మధ్య సంబంధాలు వాటిలోవే. తొలి దశలో అది ప్రాథమికోన్నత తరగతుల నుంచే మొదలైంది. ఇది ఆలస్యమనే చెప్పాలి. లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే 2012 పోక్సో చట్టం పద్దెనిమిదేళ్లలోపు అందరికీ వర్తిస్తుంది. అపాయానికి వయసు అడ్డు కానప్పుడు, దాన్ని గుర్తించడం నేర్పడానికి ఆరో తరగతి దాకా ఆగనక్కర్లేదు.

దీనికి రెండు అభ్యంతరాలు వినిపిస్తాయి. ఇవి ఇంట్లో నేర్పేవని ఒకటి. నిజమే, కానీ తల్లి దూరదేశంలో ఉండి, వయసుపైబడిన అమ్మమ్మ ఒక్కతే సాకేచోట బడి ఆ భారాన్ని పంచుకోవాలి. చిన్నపిల్లలకు లైంగిక విషయాలు చెబుతారేమోనన్నది రెండోది. 2007లో కౌమార విద్యా కార్యక్రమాన్ని పలు రాష్ట్రాలు ఆపేసింది ఇలాంటి భయంతోనే. ఇంగ్లండ్ 2020 సెప్టెంబరు నుంచి ప్రాథమిక బడుల్లో అనుబంధాల బోధనను తప్పనిసరి చేసినా లైంగిక విద్యను చేయలేదు. రెండింటినీ విడదీయవచ్చని ఇది చూపుతుంది. ఇష్టంలేని స్పర్శకు వద్దనడం, నమ్మిన పెద్దలకు చెప్పడం, పిల్లల సహాయ నంబరు 1098కు ఫోన్ చేయవచ్చని తెలిసి ఉండటం ఎనిమిదేళ్ల పిల్లకు మించిన చదువు కాదు. వేరే పుస్తకం వచ్చేదాకా ఆగకుండా, ఉన్న పరిసరాల విజ్ఞానం పీరియడ్‌లోనే దీన్ని మొదలుపెట్టవచ్చు.