కన్నును గాచు అద్దము

విశాఖపట్టణమున డాబాగార్డెన్సు అను పేట కలదు. నేడచ్చట వ్యాపారపు సందడియే గాని, 1840 ప్రాంతమున గోడే వెంకట జగ్గారావుగారు తమ గృహమునందే యొక వేధశాలను నెలకొల్పిన చోటది. చెన్నపట్టణపు వేధశాలలో టైలరు దొరగారికడ ఆయన జ్యోతిశ్శాస్త్రము నభ్యసించిరి. 1856లో ఆయన గతించిన పిదప అల్లుడు అంకితము వెంకట నరసింగరావుగారు ఆ కృషిని సాగించి, 1874 డిసెంబరు 9వ తేదీన శుక్రగ్రహము సూర్యబింబము మీదుగా దాటిపోవుటను పరిశీలించిరి.

దుర్భిణితో సూర్యుని జూచువారు కంటికడ నల్లని అద్దము నమర్చుకొనుట ఆనాటి పద్ధతి. దుర్భిణి చేర్చిన వేడికి ఆ అద్దమే యొక్కొకప్పుడు పగిలెడిది. మన పల్లెలలో గ్రహణమును పసుపునీటి పళ్ళెములోనో, పొగబట్టించిన గాజులోనో చూచుట పెద్దలందరు ఎరిగినదే. అట్లు చూచుట కంటికి హాయిగా తోచును గాని క్షేమము కాదు. సూర్యకాంతిలో కంటికి కానరాని వేడికిరణములు గలవు. వెలుగును తగ్గించిన గాజు వానిని గూడ ఆపునను నమ్మకము లేదు. పైగా కంటి లోపలి పొరకు నొప్పి తెలియదు. అది కాలుచున్నను మనకు బాధ కలుగదు.

కొలిమికడ పనిచేయువారికిని ఇట్టి హానియే కలిగెను. కరగిన గాజును చిరకాలము చూచిన పనివారికి కన్నులలో శుక్లములు పెరుగుచుండగా, విలియం క్రూక్సు అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు పలువిధముల గాజులను చేయించి, ఏది యే కిరణము నాపునో పరీక్షించి 1913లో ఫలితములు తెలిపెను. విశాఖలో 1941లో ఓడల నిర్మాణశాలకు పునాది పడెను. 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారము 1992లో జాతి కంకితమయ్యెను. అట్టి పనిచోట్ల వెల్డింగు మెరుపును అద్దము లేక చూచినవానికి కొన్ని గంటల తరువాత కంట ఇసుక పడినట్లు మంట పుట్టును. నిప్పు వేరైనచో అద్దమును వేరు కావలెను.

1960లో అమెరికాలో మైమను అనునతడు కెంపురాతి కడ్డీతో తొలి లేజరును వెలిగించెను. 1964లో మన దేశమున జన్మించిన చంద్రకుమార్ పటేలుగారు బొగ్గుపులుసు వాయువుతో మరియొక లేజరును నిర్మించిరి. దీపపు వెలుగు నలుదెసల చెదరును. లేజరు వెలుగు ఒక్క దారినే పోవును. కన్ను దానిని సూదిమొనంత చోట గుమిగూర్చును. నేడట్టి దీపములు కలములుగను, చెక్కమీద బొమ్మలు చెక్కు చిన్న యంత్రములుగను మన పిల్లల చేతికి వచ్చినవి.

ఇచ్చట నలుపును జూచి అద్దమును కొనరాదు. నారింజవన్నె అద్దము నీలి, ఆకుపచ్చ వెలుగుల నాపవచ్చును. ఎఱ్ఱని వెలుగునకు మాత్రము తెరచిన వాకిలియే. పటేలుగారి లేజరు కిరణము 10600 నానోమీటర్లది. దానిని తెల్లని గాజు సయితమాపును. ఆ గాజే 450 నానోమీటర్ల నీలి కిరణమును నిరాటంకముగా పోనిచ్చును. చౌకబారు ఆకుపచ్చ కలములు కొన్ని 532 నానోమీటర్ల వెలుగుతోబాటు 808, 1064 నానోమీటర్ల కానరాని కిరణములను గూడ వెలువరించును.

కావున అద్దముపై రెండు గుర్తులు వెదకవలెను. ఒకటి, అది యే నానోమీటర్ల కిరణము నాపునో తెలుపు అంకె. రెండవది ఓ.డి. యను అంకె. ఓ.డి. 4 అనగా పదివేలలో ఒక వంతు, ఓ.డి. 5 అనగా లక్షలో ఒక వంతు వెలుగు మాత్రమే లోనికి వచ్చునని యర్థము. పరీక్షింపగోరువారు కిరణబలమును కొలుచు మీటరు ముందు మొదట అద్దము లేకయు, పిదప అద్దము నడ్డముగా నుంచియు కొలువవలెను, కంటితో పరీక్షింపరాదు. 1000 మిల్లీవాట్లు 0.1కి తగ్గినచో అది ఓ.డి. 4. అయినను ఆ అద్దము వేడికి పగులక నిలుచునా యను సంగతిని మీటరు చెప్పదు. దానికి తయారీదారు ధ్రువీకరణము కావలెను. నాటి దుర్భిణి అద్దములు నేర్పిన పాఠమే యిది. ప్రక్కలు మూయని అద్దము చాలదు. మంచి అద్దము ధరించియు కిరణమునకు ఎదురుగా చూడరాదు.

పెద్దలారా! ఇంటి పిల్లవాడు అట్టి దీపమును తెచ్చినపుడు అద్దము ఎంత నల్లనిదని అడుగకుడు. ఏ వెలుగును, ఎంతవరకు ఆపునని అడుగుడు. మారు పలుకలేనిచో, పలికినవరకు దీపమును వెలిగింపనీయకుడు.